ఉప్పున్న రోజులు

అన్నద్వారం గంట మోగింది. గోడలోని పలక పక్కకి జరిగి, పొగలు కక్కుతున్న రెండు పళ్ళేలు బల్ల మీదికి వచ్చాయి. భానోజీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు.

"మళ్ళీ చప్పన," అన్నాడు.

తరళ తన పళ్ళెంలోని పనసపొట్టు కూర వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. ఆవ ఘాటు ముక్కుదాకా పోయింది. ఇంగువ ఉంది, చింతపండు పులుపు ఉంది. ఉప్పు తగ్గడం కాదు, అసలు పడనే లేదు.

"నిన్న అంత బాగుంది కదండీ," అంది.

"నిన్న బాగుంది. మొన్న ఇదే గడ్డి. పొద్దస్తమానం ఆ వంటశాలలోనే ఉంటావు, ఇంటికొచ్చేటప్పుడు కొంగున చిటికెడు ఉప్పు కట్టుకు రాలేవా?"

"పట్టుబడితే నా ఉద్యోగం మీరు చేస్తారా?"

"చేస్తాను. కనీసం మనింటికైనా ఉప్పు పడేట్టు చూసుకుంటాను."

తరంగ నివాసంలో ఏ ఇంట్లోనూ ఉప్పు డబ్బా లేదు. పొయ్యీ లేదు. సముద్రం ముందుకు జరిగి పాత కాకినాడలో సగం మింగేశాక, మిగిలిన జనం కోసం కట్టిన మేడ అది. అంత ఎత్తు కట్టడంలో ఇంటింటికీ నిప్పు కుదరదని మొదట్లోనే తేల్చేశారు. అడుగు అంతస్తులో ఉమ్మడి వంటశాల ఉంది. ప్రతి ఇంటికీ అక్కడొక రుచిమూస ఉంటుంది. ఆ ఇంటివాళ్ళకి పులుపు ఎంత కావాలి, కారం ఎంత, పోపు ఎంతసేపు వేగాలి అన్నదంతా ఆ మూసలో ఉంటుంది. వేళ అయ్యేసరికి జమిలి చుట్టు తిరగడం మొదలవుతుంది. అంటే ఒక ఇంటి వంట అయ్యాక ఇంకో ఇంటిది కాదు, మేడలోని ఇళ్ళన్నిటి వంటా ఒకే ఊపున జరిగిపోతుంది. ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు. ఇక్కడ పుట్టిన పిల్లలు వంట అంటే గంట మోగడమే అనుకుంటారు.

తరళ ఆ వంటశాలలో దోషాన్వేషి. మూసల్లోనూ చుట్లలోనూ తప్పులు వెతకడం ఆమె పని. తన ఇంటి కూరలో తప్పు మాత్రం ఆమెకి దొరకడం లేదు. పళ్ళెం సగంలో వదిలేసి లేచింది.

"తిని వెళ్ళు," అన్నాడు భానోజీ.

"మీరూ తినడం లేదుగా."

కిందికి వెళ్ళి తన తెర ముందు కూర్చుంది. కూర్చోబుద్ధి కాక మళ్ళీ లేచి నిలబడింది. తన ఇంటి మూసని ఒక్కదాన్నే నడిపి చూసింది. ఉప్పు సరిగ్గా పడింది. పక్కిళ్ళ మూసల్ని కలిపి నడిపింది. అప్పుడూ పడింది. మొత్తం చుట్టు తిరిగినప్పుడే, అదీ కొన్ని రోజులే, తప్పు వస్తోంది. ఎక్కడ వస్తోందో చూద్దామని మధ్యలో ఒక గమనిక వాక్యం పెడితే, ఆ వాక్యం వల్ల కలిగిన కాస్త ఆలస్యానికే తప్పు మాయమవుతోంది. పెద్దవాళ్ళు చూస్తున్నంతసేపూ బుద్ధిగా కూర్చునే అల్లరి పిల్లలా ఉంది దాని వరస.

వంటశాల పర్యవేక్షకుడు జకరయ్య ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా అదేనామ్మా? ఒక్క ఇంటి గొడవ. అదీ మీ ఇంటిదే. ఇంకెవరి దగ్గర్నుంచీ ఫిర్యాదు లేదు."

"అదే నాకు పట్టడం లేదు సార్. జమిలి చుట్టులో ఇలాంటి తప్పు ఒక్క ఇంటికే రాదు. ఇద్దరు ఒకే గిన్నెలో చెయ్యి పెడితేనే వస్తుంది. ఆ రెండో ఇంటివాళ్ళు ఎందుకు నోరెత్తడం లేదు?"

"వాళ్ళకి ఉప్పు అక్కర్లేదేమో," అని నవ్వి వెళ్ళిపోయాడాయన.

తరళ నవ్వలేదు. ఆ మాట పట్టుకుని మళ్ళీ తెర వైపు తిరిగింది. ఇప్పుడు వంట జరిగే తీరు వదిలేసి, మూసల్ని కూర్పరి ఎలా దించిందో చూడసాగింది. మనుషులు రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి దించేది కూర్పరి. అది పొదుపరి. రెండు ఇళ్ళు ఒకే మూసని, ఒకే కొలతలతో తీసుకుంటే, రెండు నకళ్ళు దేనికని ఒక్కటే ఉంచుతుంది. ఆ నకలుకి ఉప్పు గూడు కూడా ఒక్కటే. ఎవరి ఉప్పు వాళ్ళు అందులో రాసి, అందులోంచే చదువుకోవాలి.

తన ఇంటి ఉప్పు గూడు మీద తరళకి రెండు జాడలు కనబడ్డాయి. ఒకటి తనది. రెండోదానికి పేరు లేదు. ఇళ్ళ పేర్లు దోషాన్వేషికి కూడా చూపించరు.

చూపించనక్కర్లేదు. తన ఇంటిది 'అమ్మ చేతి రుచి' అనే మూస. కన్నపిల్లలకి తప్ప ఇతరులకి ఇవ్వని మూస అది. అమ్మకి ఇద్దరే పిల్లలు. తరళ, అక్క సౌదామిని.

తరళ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ మూస వల్లే అక్కతో మాటలు పోయాయి. అమ్మ మంచం పట్టిన రోజుల్లో, ఆమె చేతి రుచి దాచుకోవాలని తరళ వంటశాల నుంచి కొలతొడుగులు తెచ్చింది. వేళ్ళ కదలికనీ, చిటికె బరువునీ పట్టుకునే పల్చటి తొడుగులు అవి. వాటిని అమ్మ చేతులకి తొడిగి, దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, ఒక్కొక్క కూరా కలిపించింది. అక్క వచ్చి అది చూసింది. "చచ్చిపోయే మనిషితో పని చేయించుకుంటావా? ఆ తిండి నువ్వే తిను. నా గుమ్మం తొక్కకు," అంది. ఇద్దరిదీ ఒకే మేడ. ఎత్తుపెట్టెలో ఎదురుపడితే ఎవరో ఒకరు మధ్యలోనే దిగిపోయేవారు.

అంత మాటన్న అక్క కూడా ఆ తిండే తింటోంది. ఎప్పటినుంచో.

అయితే ఇన్నేళ్ళూ తప్పు బయటపడనిది ఎందుకు? ఇద్దరూ రాసేది అమ్మ ఉప్పే కాబట్టి, గూట్లో ఎవరు ముందు రాసినా ఎవరు వెనక రాసినా ఒకటే. ఈమధ్య, కూర్పరి రెంటినీ కలిపేశాక, ఒకరి ఉప్పు మారింది. సున్నా అయింది. తనంతట తాను ఉప్పు మానేసే మనిషి కాదు అక్క. వైద్యుడు చెప్పి ఉండాలి.

అక్కకి ఏదో జబ్బు చేసింది. ఆ సంగతి తనకి చెప్పింది ఒక చప్పటి కూర.

ఆ వెంటనే ఇంకొకటి తట్టి తరళ నిలువునా లేచింది. అక్క రాసిన సున్నా ఆఖరున పడితే ఇద్దరికీ చప్పన. తన ఇంటి ఉప్పు ఆఖరున పడితే ఇద్దరికీ ఉప్పు. నిన్న భానోజీ లొట్టలు వేస్తూ తిన్నాడు. తమకి కూర కుదిరిన ప్రతి రోజూ అక్క పళ్ళెంలో ఉప్పు పడింది. వైద్యుడి ఆజ్ఞ మూసలోకి చేరిందా లేదా అని చూసే పరీక్ష ఉంది కానీ, పళ్ళెంలోకి ఏం చేరిందో చూసే పరీక్ష లేదు.

రెండు ఇళ్ళకీ వేరు వేరు గూళ్ళు ఇస్తూ మూసని తిరగరాసి కూర్పరికి అప్పగించింది. అది తెర నిండా తప్పులు కక్కింది. పైకి జరుపుతున్నకొద్దీ ఇంకా వస్తున్నాయి. ఎక్కడో పులిహోర పోపు దగ్గర తప్పంటుంది, ఎవరో పసిపిల్ల ఉగ్గు దగ్గర తప్పంటుంది. మూసలోని తప్పు మూసలో కనబడదు, అందులో ఎవరో ఒకరి కొలతలు పోసినప్పుడే బయటపడుతుంది. అసలు తప్పు ఎక్కడో ఒకచోట చిన్న అక్షరమే అయి ఉంటుంది, కానీ వెతకడానికి రాత్రంతా పడుతుంది. సాయంత్రం గంట దగ్గరపడుతోంది.

"సార్, జమిలి చుట్టు ఆపేస్తున్నాను," అంది జకరయ్యతో. "ఇవాళ్టికి వరస చుట్టే. ఒక ఇంటి తరవాత ఒక ఇల్లు."

"మతిపోయిందా తల్లీ? మేడంతా ఆకలితో అల్లాడిపోతుంది. నన్ను పీక్కుతింటారు."

"పీక్కుతింటే మీకు ఉప్పు సరిపోతుందో లేదో చెబుతారు. ఆపకపోతే మా అక్క ప్రాణం మీదికొస్తుంది."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఇంకేమీ అడగకుండా తన తాళంముద్ర తెర మీద ఒత్తాడు.

పైకి వెళ్తుంటే నడవాల్లో జనం. ఎప్పుడూ మూసి ఉండే తలుపులన్నీ తెరుచుకున్నాయి. గంట మోగకపోతే ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. "ఏటమ్మా, మీ వంటోళ్ళు అలిగారేటి?" అని ఒక పెద్దాయన అడిగాడు. తరళ ఆగలేదు.

అక్క గుమ్మం ముందు ఆగింది. తొక్కొద్దన్న గుమ్మం. తలుపు కొట్టింది.

సౌదామిని తలుపు తీసి, ఆశ్చర్యపోకుండా, "ఇప్పటికి తీరిందా?" అంది.

ఆమె ముఖం ఉబ్బి ఉంది. తరళ వంగి చీర అంచు పైకి జరిపి, చీలమండ మీద వేలితో నొక్కింది. సొట్ట పడి అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళనుంచక్కా?"

"కిడ్నీలట. ఉప్పు ముట్టొద్దన్నాడు. ముట్టకపోయినా కాళ్ళెందుకు వాస్తున్నాయో ఆ డాక్టరుకి అంతు పట్టడం లేదు. రేపు రమ్మన్నాడు." సౌదామిని నెమ్మదిగా వెళ్ళి కుర్చీలో కూర్చుంది. "నేనేం చెప్పలేదులే. నీ పేరు బయటపెడతానా?"

"నా పేరా?"

"ఇంకెవరిది? ఉత్త చప్పిడి కూడు తింటుంటే ఓ రోజు ఉన్నట్టుండి అమ్మ కూర వచ్చింది. అచ్చం అమ్మదే. ఉప్పుతో సహా. డాక్టరు మాట దాటి నాకు ఉప్పేసే ధైర్యం ఈ మేడలో నీకొక్కదానికే ఉంది. రోజూ కాకుండా, తీరికున్నప్పుడల్లా పంపుతున్నావు అనుకున్నాను. మాట్లాడ్డానికి మొహం చెల్లక తిండి పంపుతోంది పిచ్చిది అనుకున్నాను."

"తినకూడదని తెలుసు కదా నీకు!"

"తెలుసు. నువ్వు పంపింది ఎలా తోసేస్తానే?"

తరళ అవునని తల ఊపితే చాలు. ఇన్నేళ్ళ దూరం అక్కడితో తీరిపోతుంది. కానీ రేపటినుంచి ఉప్పు రాదు. రాని ప్రతి రోజూ అక్క తలుపు వైపు చూసి, చెల్లెలికి మళ్ళీ కోపం వచ్చిందనుకుంటుంది.

"నేను పంపలేదక్కా," అంది. "యంత్రంలో తప్పు. మనిద్దరిదీ ఒకే మూస కావడంతో ఉప్పు గూడు ఒకటే అయింది. నా ఉప్పు నీకు పడింది. నీ చప్పన నాకు పడింది."

సౌదామిని చీర అంచుని పాదాల మీదికి లాక్కుంది.

"అయితే నీకు తెలియనే తెలియదన్నమాట."

"నువ్వు అమ్మ మూస పెట్టుకున్నావని కూడా తెలియదు."

"ఏమని చెప్పను? ఆ తొడుగుల్ని తిట్టిన నోటితోనే ఆ అన్నం తింటున్నానని దండోరా వేయించనా?"

అన్నద్వారం గంట మోగింది. పళ్ళెం వచ్చింది. ఒక్కరికి సరిపడా కొలిచిన అన్నం, పనసపొట్టు కూర. సౌదామిని చెయ్యి కడుక్కుని కలుపుతుండగా తరళ మణికట్టు మీది పలుకుబిళ్ళలోంచి భానోజీ గొంతు వినిపించింది.

"గంట ఆలస్యమైతే అయింది కానీ, తరళా, ఇవాళ ఉప్పు సరిగ్గా పడింది. ఎక్కడున్నావు?"

తరళ అక్క మణికట్టు గట్టిగా పట్టుకుంది. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ ముద్ద లాక్కుని తన నోట్లో పెట్టుకుంది. ఆవ, ఇంగువ, చింతపండు. మళ్ళీ నమిలింది. వరస చుట్టులో తప్పు రాదని ఆమెకి తెలుసు. అయినా మింగేదాకా నమ్మలేకపోయింది.

"లేదు," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉప్పు లేదు. తిను."

"చిన్నప్పుడూ ఇంతే. నా చేతిలోది లాక్కుంటే తప్ప తోచేది కాదు నీకు," అంది సౌదామిని. ఇంకో ముద్ద కలిపి, ఆగి, "రేపు సరిచేస్తావా?" అని అడిగింది.

"చేస్తాను. ఎవరి గూడు వాళ్ళకి."

"ఇంక నాకు ఎప్పుడూ పడదు."

"పడదు. నేను పంపను."

"పంపకు," అంటూ సౌదామిని పళ్ళేన్ని బల్ల మధ్యకి జరిపింది. "నువ్వు రా."