జమ్మలమడుగు గాజు హుండీ

ఖైరున్నీసా జీపు దిగి గబగబా వచ్చింది. ప్రొద్దుటూరులో ప్రైవేటు డిటెక్టివ్ కోదండపాణి గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సహాయకుడు ఓబులేసు ఆమెను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"జట్కా తోలే వలి బాషా మా ఆయన సార్. హుండీ పగలగొట్టినాడని పోలీసులు పట్టుకపోయినారు. పొద్దుమునిగే లోపల దుడ్లు తెచ్చియ్యకుంటే ఇల్లు కాల్చేస్తామని మల్లేశ్వరప్ప మనుషులు అంటాండారు."

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన తొలి ఎన్నికలవి. జమ్మలమడుగులో పోటీ చేస్తున్న మల్లేశ్వరప్ప తన ఆఫీసు అరుగు మీద గాజు హుండీ పెట్టించాడు. నలుగురూ చూస్తుండగా వేసిన చందాలతోనే తన ప్రచారం నడుస్తోందని, ఎదుటి అభ్యర్థి ఆదినారాయణ కూడా సొమ్ము ఎక్కడిదో చెప్పి తీరాలని ప్రతి సభలోనూ గర్జించేవాడు. ఆ రోజు సాయంత్రమే హుండీ విప్పి లెక్క చెబుతానని మాటిచ్చాడు. కానీ ఆ రోజు తెల్లవారేసరికే అది పగిలి ఉంది. పక్కనే చెయ్యి తెగిన వలి బాషా దొరికాడు. పైగా అతను ఆదినారాయణ ప్రచారానికి బండి తోలుతున్నాడు.

"నువ్వొచ్చిన జీపు ఎవరిదమ్మా?" అన్నాడు కోదండపాణి.

"ఆదినారాయణప్పది సార్. నిన్ను పిల్చుకరమ్మని పంపించినాడు."

అదే జీపులో బయలుదేరారు. జమ్మలమడుగు చేరేసరికి వెనక కూర్చున్న ఓబులేసు పంచెకు తెల్లటి పొడి అంటుకుంది.

"ఏందప్పా ఇది?"

"దోవ దుమ్ము సార్," అన్నాడు డ్రైవర్ కమాల్ బాషా.

కోదండపాణి ఇరువైపులా ఉన్న నల్లరేగడి చేలను చూశాడు. అక్కడి దుమ్మంతా నల్లగానే ఉంది.

హుండీ ముందువైపు గాజు పగిలింది. పెద్ద పెద్ద పెంకులు లోపల అడుగు చెక్క మీద పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. ఒక్క కాసు లేదు. హుండీ వెనక తలుపు తాళం చెక్కుచెదరలేదు. నెత్తురు చట్రం బయటే ఉంది.

కాపలా పెంచలయ్య గడగడా చెప్పేశాడు. "రాయితో కొట్నాడు సార్. చెయ్యి లోపలికి పెట్టి దుడ్లన్నీ తోడి మూటగట్టినాడు. నా కండ్లతో చూసినా."

"తాళంచెవి?"

"నా మొలతాడుకే ఉంటాది. నిద్రలో కూడా తియ్యను," అన్నాడు మల్లేశ్వరప్ప.

స్టేషన్లో వలి బాషా ఏడ్చాడు. "సప్పుడైతే ఉరికొచ్చినా సార్. ఏలాడే గాజు తీయబోతే తెగింది. అంతే."

తిరిగొచ్చి మల్లేశ్వరప్ప జీపుల్లోకి తొంగిచూసిన ఓబులేసు గతుక్కుమన్నాడు. అక్కడా అదే తెల్లపొడి.

పొద్దు వాలుతోంది. వీధిలో కర్రలతో మనుషులు పోగవుతున్నారు. కోదండపాణి ఇద్దరు అభ్యర్థులనూ, ఇన్‌స్పెక్టర్నూ అరుగు మీదకి పిలిపించాడు.

"లోపల దుడ్లుంటే పెంకులు వాటి మీద పడాలి. తోడితే పెంకులూ చెదరాలి. ఇవి ఖాళీ చెక్క మీద కదలకుండా ఉన్నాయి. అంటే పగలకముందే హుండీ ఖాళీ అయింది, అదీ తాళం తీసి. తాళంచెవి ఎప్పుడూ తన దగ్గరే ఉంటుందని మల్లేశ్వరప్పగారే చెప్పారు. పెంచలయ్యా, నువ్వేం చూశావు?"

పెంచలయ్య కూలబడ్డాడు. "మల్లేశ్వరప్పే చెప్పినాడు సార్. దుడ్లు బీరువాలో ఉండాయి. రాయి నేనే ఏసినా."

"హుండీ లెక్క చెబితే చందాలు పెట్రోలుకు కూడా చాలవని తేలిపోయేది. మిగతాది ఎవరిచ్చారని జనం అడిగేవారు."

ఆదినారాయణ తొడ చరిచాడు. "చూసినారా! సొమ్ము యాడిదని నన్నడిగే మొగోడు!"

"కమాల్ బాషా, నీకు జీతమిచ్చేదెవరు?" అన్నాడు కోదండపాణి.

డ్రైవర్ తల వంచుకున్నాడు. "పులివెందుల ముగ్గురాయి గని యజమాని సార్. ఈ జీపు ఆయనదే. ఆ తెల్లపొడి ఆ రాయిదే."

"మల్లేశ్వరప్ప జీపులు?"

"అవీ ఆయనవే. ఒకటి మా తమ్ముడే తోల్తాండాడు."

ఆదినారాయణ చెయ్యి తొడ మీదే ఉండిపోయింది. కర్రలవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ వలి బాషాను వదిలిపెట్టాడు. అంతవరకూ ఎదురుపడితే మొహం తిప్పుకునే అభ్యర్థులిద్దరూ లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఖైరున్నీసా ఆ తలుపు వంకే చూసింది.

"ఇంగ ఈడ ఉండలేం సార్. పొద్దున ఒకరికే పగోళ్లం. ఇప్పుడు ఇద్దరికీ. ఎర్రగుంట్లలో మా యక్క ఉండాది."

కోదండపాణి వాళ్లకు తోడుగా ఓబులేసును కూడా జట్కా ఎక్కమన్నాడు. వలి బాషా కట్టు కట్టిన చేత్తోనే కళ్లెం పట్టాడు. ఊరు దాటాక వెనక జీపు చప్పుడైంది. అది పక్కనుంచి దాటిపోయేదాకా వలి బాషా గుర్రాన్ని బాట అంచున నిలిపి పట్టాడు.