పులవని మీగడ

మంగళవారం ఉదయం 6:10. పన్నెండు వందల లీటర్ల పాలు పేడగుంటలో పారబోశారు. టెస్ట్‌లో యాంటీబయాటిక్ తేలింది.

ట్యాంకర్‌లో ఉన్నవి రెండిళ్ల పాలే. గమాలియేల్‌వి, ఎలాదియోవి. ఆ రోజు డ్రైవర్ విడివిడిగా శాంపిల్ తీయలేదు. తప్పు ఎవరిదని తేలితే వాళ్ల పాలు సహకార సంఘం ఇక తీసుకోదు. ఇరాసూ కొండ మీద పాలు పోయించుకునేవాళ్లు ఇంకెవరూ లేరు.

గురువారం 9:20కి సంఘం వెటర్నరీ డాక్టర్ ఒఫేలియా దర్యాప్తుకు గమాలియేల్ ఇంటికి వచ్చింది.

"సూది వేసిన ఆవులున్నాయా?"

"ఒక్కటే. కాలికి ఎర్ర రిబ్బన్ కట్టా, చూసుకోండి. దాని పాలు ట్యాంకర్‌కి పోయలేదు," అన్నాడు గమాలియేల్. "నా ప్రాణం తీస్తారెందుకు? ఆ ముసలాయన ఎలాదియోని అడగండి."

మొక్కజొన్న రొట్టె మీద పుల్ల మీగడ వేసిచ్చాడు.

"ఎప్పటిది?"

"మంగళవారంది."

పులుపుకి ఒఫేలియా నాలుక జివ్వుమంది.

10:05. ఎలాదియో ఇల్లు. మందలో ఒక్క రిబ్బనూ లేదు.

"సూదులా? నాకెందుకమ్మా!"

అతని భార్య నిదియా రొట్టె మాత్రమే పెట్టింది. "మీగడ అడక్కండి డాక్టరమ్మా. మంగళవారం నుంచీ పొయ్యి పక్కనే ఉంది, పులిసి చావట్లేదు."

ఒఫేలియా చెంచాతో రుచి చూసింది. తియ్యగా ఉంది. మందు కలిసిన పాలు పులవవు.

"ఏ ఆవుకి వేశారు ఎలాదియో గారూ?"

ముసలాయన టోపీ తీశాడు. "మచ్చల ఆవుకి. కుంటుతోంది గదా అని. సగం డోసుకి రిబ్బన్ దేనికిలే అనుకున్నా. గమాలియేల్ పాలు కూడా నా వల్లే పోయాయమ్మా."

"మందెక్కడిది?"

నిదియా లోపలికెళ్లి సీసా తెచ్చింది. లేబుల్ మీద రాత ఒఫేలియాదే. పోయిన వానల్లో ఈ కొండ మళ్లీ ఎక్కలేక, "మిగిలింది ఉంచుకోండి, కుంటితే వేయండి" అని తనే ఇచ్చింది.

"కాలు ఎత్తి చూశారా?"

"అప్పుడు మీరూ ఎత్తలేదుగా డాక్టరమ్మా," అన్నాడు ఎలాదియో మెల్లగా.

ఒఫేలియా లేచి మచ్చల ఆవు దగ్గరికి నడిచింది.

ఆవు కాలు తాడుతో కట్టి ఎత్తింది. గిట్టలు కడిగింది. వాపు లేదు, కుళ్లు లేదు. గిట్టల సందులో మొక్కజొన్న గింజంత రాయి. తీసేయగానే ఆవు కాలు నేలకు ఆనించింది.

రిపోర్టులో 'బాధ్యులు' అన్న చోట ఒఫేలియా తన పేరు రాసింది.

"అదేంటమ్మా, సూది వేసింది నేను!"

"అదీ రాస్తాను. కానీ సంఘం ఎవరినో ఒకరిని తీసేయాలిగా. నన్ను తీసేయనివ్వండి."

సీసా సంచిలో వేసుకుని, ముందు గమాలియేల్‌కి చెప్పడానికి కొండ దిగింది.