నీలం కారుకు వరిగడ్డి స్నానం

"ఇంకా కొంచెం గట్టిగా రుద్దాలి," అనుకుంది నయన.

ఆదివారం. ఉదయం పది దాటింది. దేవరయాంజాల్‌లో వాళ్ల ఇంటి ముందు, వేపచెట్టు నీడలో నీలం రంగు కారు ఆగి ఉంది. దాని ముందు తలుపు దగ్గర నయన గొంతుక్కూర్చుంది. చేతిలో వరిగడ్డి చుట్ట, పక్కన ఒక బకెట్ నీళ్లు. తలుపును గుండ్రంగా, ఓపిగ్గా రుద్దుతోంది.

నయన బాపు పేరు మల్లేశం. రోజూ బైక్ మీద అల్వాల్ వెళ్లి ఇంటింటికీ పాలు పోసి వస్తాడు. ఏడేళ్లు కలలు కని, పది రోజుల కిందట ఈ కారు కొన్నాడు. సెకండ్‌హ్యాండ్ అయితేనేం, బాపుకు అది సరికొత్తదే. పొద్దున లేవగానే ముందు కారు మొహం చూస్తాడు. అద్దంలో తన మొహం తర్వాత చూసుకుంటాడు.

ఆ సాయంత్రం అందరూ అదే కారులో కౌకూర్‌లోని అత్తమ్మ ఇంటికి వెళ్లాలి. బాపు పాలు పోసి వచ్చేలోగా కారును తళతళా మెరిపించి, ఆయన్ను ఆశ్చర్యపరచాలని నయన పథకం.

కడగడం నయనకు కొత్తేమీ కాదు. వాళ్ల బర్రె లచ్చిని ప్రతి ఆదివారం అవ్వతో కలిసి తనే కడుగుతుంది. నీళ్లు చల్లి, వరిగడ్డితో గుండ్రంగా రుద్దితే ఎంత బురదైనా వదిలిపోవాల్సిందే. లచ్చి హాయిగా కళ్లు మూసుకుంటుంది కూడా. బర్రె బురదే వదిలితే, కారు దుమ్ము ఒక లెక్కా?

నిజంగానే దుమ్మంతా వదిలింది. నయన మురిసిపోయింది.

కాసేపటికి తలుపు ఆరింది. నీడ జరిగి, ఎండ దాని మీద పడింది. నయన దగ్గరికి వంగి చూసింది. తలుపు నిండా సన్నటి తెల్లటి గీతలు! తను రుద్దిన చోటల్లా సున్నాలు చుట్టినట్టు ఉన్నాయి.

తడి చేత్తో తుడిచింది. గీతలు మాయమయ్యాయి. హమ్మయ్య! కానీ చెయ్యి ఆరేలోపే మళ్లీ బయటపడ్డాయి. నాలుగుసార్లు తుడిచినా అంతే.

నయన గడ్డి చుట్టను తీసుకెళ్లి లచ్చి ముందు పడేసింది. లచ్చి దాన్ని వాసన చూసి మొహం తిప్పుకుంది.

అప్పుడే బాపు బైక్ చప్పుడు వినిపించింది. నయన గబుక్కున అరుగెక్కి అవ్వ పక్కన కూర్చుంది. చిక్కుడుకాయలు తుంచుతున్న అవ్వకు సాయం చేస్తున్నట్టు రెండు కాయలు చేతిలోకి తీసుకుంది.

బాపు బైక్ దిగి, అలవాటు ప్రకారం కారు చుట్టూ ఒక రౌండు వేశాడు. ముందు తలుపు దగ్గర ఆగిపోయాడు. వంగి చూశాడు.

"అయ్యో, గీ గీతలేంది? ఎవలు జేసిండ్రు?"

సరిగ్గా అప్పుడే పక్కింటి సాయిప్రియ సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. నయన క్లాస్‌మేటే. వాళ్ల ఇంటి ముందు లారీలు తిరుగుతాయని, రోజూ ఈ వాకిట్లోనే సైకిల్ నేర్చుకుంటోంది.

"నీ సైకిలే తగిలినట్టుంది గదా," అన్నాడు బాపు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. "ఇగ ఈడ తొక్కకు బిడ్డా."

"నేనేం జేయలే మామా! కారు దిక్కే పోలే," అంది సాయిప్రియ. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. సైకిల్ వెనక్కి తిప్పింది.

నయన చేతిలో చిక్కుడుకాయ నలిగిపోయింది. నోరు మూసుకుంటే తను తప్పించుకోవచ్చు. కానీ సాయిప్రియ ఇక రాదు. నిన్ననే తొలిసారి కింద పడకుండా మూడు చుట్లు తిరిగింది.

"బాపూ!" నయన అరుగు దూకింది. "సాయిప్రియ కాదు, నేనే. నువ్వు ఖుష్ అయితవని కారు కడిగిన."

"దేంతోని?"

"వరిగడ్డితోని. లచ్చికి రుద్దినట్టు."

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ నవ్వు ఆగలేదు. "ఓసి నా తల్లీ! లచ్చిది మందం తోలు. దీనిది పైపై రంగే కదనే!"

బాపు నవ్వలేదు. తలుపు మీద బొటనవేలు పెట్టి మెల్లగా రాశాడు.

"నాకు మస్తు బాధైతాంది బిడ్డా," అన్నాడు చివరికి. "కానీ నువ్వు చెప్పకపోతే ఇంకా ఎక్కువైతుండె."

తర్వాత ఆయన గేటు దాకా వెళ్లాడు. "సాయిప్రియా, ఆగు బిడ్డా. తప్పు నాదే. తెలుసుకోకుండ అన్న. రా, తొక్కుకో."

వెనక్కి వచ్చి రెండు బకెట్లు తెచ్చాడు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు.

"గీ దుమ్ముల సన్న ఇసుక ఉంటది. ముందుగాల ఉత్త నీళ్లు పోయాలె. ఇసుక జారిపోయినంకనే చెయ్యి పెట్టాలె," అంటూ మగ్గుతో కారు పైకప్పు మీద నీళ్లు పోశాడు. మెత్తటి గుడ్డను షాంపూలో ముంచి, పైనుంచి కిందికి వత్తకుండా తుడిచాడు. తుడిచిన ప్రతిసారీ గుడ్డను రెండో బకెట్‌లో జాడించాడు. ఆ నీళ్ల అడుగున సన్నటి ఇసుక పేరుకోవడం నయన కళ్లారా చూసింది.

"గీతలు పోతయా బాపూ?"

"పాలిష్ పెడితే కొన్ని పోతయ్. కొన్ని ఉంటయ్," అన్నాడు బాపు. మెత్తటి గుడ్డ ఆమె చేతిలో పెట్టాడు. "ఇప్పటిసంది గీ తలుపు నీది. ప్రతి ఆదివారం నువ్వే కడగాలె."

ఆ సాయంత్రం కౌకూర్ దాకా నయన తన తలుపు పక్కనే కూర్చుంది.

తర్వాతి ఆదివారం బాపు కారుకు అవతలి వైపు చక్రాలు కడుగుతున్నాడు. ఇవతల నయన తన తలుపు తుడుస్తోంది. సగం అయ్యేసరికి గుడ్డ చేజారి మట్టిలో పడింది. తీసి చూసింది. పెద్దగా మట్టేమీ అంటలేదు. బాపు చూడలేదు. సాయిప్రియ సైకిల్ మీద తన లోకంలో తనుంది.

నయన గుడ్డను తలుపు దాకా తీసుకెళ్లి, ఆగింది. వేళ్లతో తడిమి చూసింది. చిన్న ఇసుక రేణువు తగిలింది.

"బాపూ, నా గుడ్డ కింద పడ్డది!" అని గట్టిగా చెప్పి, ఇంకో గుడ్డ కోసం ఇంట్లోకి పరుగెత్తింది.