ఖండనకు స్పైరల్ బైండింగ్

"ఏంది తమ్మీ, గీ పుస్తకం రాసింది నువ్వేనట గద!"

అమీర్‌పేటలో జిరాక్స్ షాపు నడిపే రాజనర్సయ్య ఆ మాట అనేసరికి తారక్ గొడుగు మూయడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. అతను పుస్తకమేదీ రాయలేదు. పంజాగుట్టలో ఒక కంపెనీలో జావా ప్రోగ్రాములు రాసుకునేవాడు, అంతే. కానీ కౌంటరు మీద, కోర్ జావా నోట్సుకూ టెస్టింగ్ టూల్స్ నోట్సుకూ మధ్య, నీలం అట్టల స్పైరల్ పుస్తకాలు ఏడెనిమిది పేర్చి ఉన్నాయి. వాటి మీద మార్కరుతో "గ్రూప్ డిస్కషన్ మెటీరియల్ - ఖండన" అని రాసి ఉంది.

తారక్‌కు వానలోనూ చెమట పట్టింది. ఆ ఖండన అతనే.

'మాటామంతీ' అనే తెలుగు వెబ్‌సైటులో నాలుగేళ్లుగా అతను ఆ పేరుతో వాదిస్తున్నాడు. ఎవరేమన్నా కాదనకపోతే అతనికి అన్నం సయించేది కాదు. ఇడ్లీని సాంబారులో ముంచాలా, ఇడ్లీ మీద సాంబారు పోయాలా అన్న విషయం మీద, ముంచాల్సిందేనని పందొమ్మిది పేజీలు రాసిన ఘనుడు. ఆ పందొమ్మిది పేజీలకూ ఎదురు నిలబడ్డది ఒక్కరే. ఆ శాల్తీ పేరు 'జరఆగు'.

పోయిన నవంబరులో సైటు సభ్యులంతా అమీర్‌పేట టిఫిన్ సెంటర్లో కలుసుకున్నప్పుడు, ఆ జరఆగు పసుపు చున్నీ వేసుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. పేరు వనిత. ఇల్లు బల్కంపేట. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తోంది. వచ్చీరాగానే అతని ప్లేటులోని ఇడ్లీల మీద గిన్నెడు సాంబారు కుమ్మరించి, "ఇప్పుడు ఖండించు" అంది.

తారక్ ఖండించలేదు. బుద్ధిగా తిన్నాడు.

ఇప్పుడు జులై. ఆ ఇడ్లీల తర్వాత అతను ఆమె మాట దేన్నీ కాదన్న పాపాన పోలేదు. సైటులో జనం ఊరుకుంటారా? పోయిన వారమే ఓటింగు పెట్టారు: "ఖండన పదునెక్కాడా, మొద్దుబారాడా?" మొద్దుబారాడని యాభై ఎనిమిది ఓట్లు పడ్డాయి. పదునెక్కాడని నాలుగు. ఆ నాలుగులో ఒకటి తారక్ తనకు తానే వేసుకున్నాడు. మిగతా మూడూ వేసిన పుణ్యాత్ములెవరో తెలియక వారం రోజులుగా మనసులోనే దణ్ణాలు పెట్టుకుంటున్నాడు.

"ఇవి మీకెవరిచ్చారండీ?" అన్నాడు నీరసంగా.

"మన వనిత బిడ్డనే. పోయిన నెల ప్రింట్లు తెచ్చి ఒక్కటి బైండింగ్ చెయ్యమన్నది. నేను ఇన్‌స్టిట్యూట్ మెటీరియల్ అనుకొని నలభై తీసిన. మస్తు పోయినయ్. ఇవి రెండోసారివి."

అమీర్‌పేటలో అంతే. కౌంటరు మీద మరిచిపోయిన కాగితం సాయంత్రానికి కోర్సు మెటీరియల్ అవుతుంది. ఎవరైనా పెళ్లి శుభలేఖ వదిలేసి వెళ్లినా, ఇంటర్వ్యూలో అడుగుతారేమోనని పదిమంది కాపీలు తీయించుకుంటారు.

"తిట్టకు ఆయన్ని. తప్పు నాదే." బైండింగు మిషను వెనక నుంచి వనిత లేచి వచ్చింది. చేతిలో ఎర్ర పెన్ను, చంకలో నీలం పుస్తకం.

"ఫోన్లో అర్జెంటుగా రమ్మన్నది దీనికా? నా రాతలన్నీ ఎందుకు ప్రింటు తీశావ్?"

"నిన్ను టెస్ట్ చేస్తున్న. కొత్త వర్షన్ వచ్చినంక పాతది మంచిగ పనిచేస్తున్నదా, చెడిపోయిందా అని చూడాలె గద. కూసో."

తారక్ స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె పేజీలు తిప్పింది.

"మొదటి ఏడాది. 'మూర్ఖత్వం' అన్న మాట అరవై నాలుగు సార్లు రాసినవ్. అవతలోడు చెప్పేది సగం సుత చదవలే. మూడో ఏడాది చూడు. 'మీరన్నదాంట్లో నిజముంది, అయితే' అని ముప్పై ఒక్కసారి. అవతలోడి మాట వాడికన్నా మంచిగ చెప్పి, అప్పుడు కాదన్నవ్. దీన్ని మొద్దుబారుడంటరా ఎవరన్న?"

"నన్నడుగు బిడ్డా," అని రాజనర్సయ్య అందుకున్నాడు. "మొదటి సగం సదివి పోయినోళ్లు గ్రూప్ డిస్కషన్ల లొల్లి వెట్టి బయటికొచ్చిండ్రు. రెండో సగం సదివిన ఆరుగురికి నౌకర్లొచ్చినయ్. మిఠాయి సుత తెచ్చిచ్చిండ్రు."

తారక్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. "చూశావా! నేను పదునెక్కినట్టే."

"జర ఆగు." వనిత చివరి పేజీల దగ్గర ఆపింది. "ఇది నవంబర్ తర్వాత. 'అవును.' 'కరెక్టే.' 'నువ్వు చెప్పాక ఇంకేముంది.' అన్నీ నాకే రాసినవ్. ఇగ ఆఖరిది, మొన్ననే కలిపిన. పోయిన సోమవారం సైట్ల పెట్టిన, పుణెల ఉద్యోగం వచ్చింది, పోవాల్నా వద్దా అని. అందరు రాసిండ్రు. నువ్వేం రాసినవ్?"

తారక్ నేల చూపులు చూశాడు.

"చదువు."

"'నీ ఇష్టం.'"

"ఇడ్లీకి పందొమ్మిది పేజీలు. నాకు రెండు మాటలా?" ఆమె పేజీ మీద వేలితో పొడిచింది. ఆ రెండు మాటల పక్కన ఎర్ర పెన్నుతో 'బగ్. చాలా సీరియస్' అని రాసి ఉంది. "అయిదింటికల్లా వాళ్లకు మెయిల్ పంపాలె."

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది.

"ఏంటి వనితా, నీ మంచికేగా! నేను వాదిస్తే నీకు కోపమొస్తుందేమో, వదిలేసి పోతావేమోనని..."

"నాలుగేండ్లు కొట్లాడినం. పోయిన్నా?"

తారక్ చేతిలోని గొడుగును అటూ ఇటూ తిప్పాడు.

"నా మాటకు అడ్డం చెప్తలేవంటే వింటలేవనే అనిపిస్తది నాకు. తలకాయ ఊపెటోళ్లు మా ఇంట్ల చానామంది ఉన్నరు. నాకు వాళ్లొద్దు." ఆమె పుస్తకం చివర తెల్ల కాగితాలు తిప్పి చూపించింది. "నీ కోసమే పెట్టించిన. రాయి."

ఎర్ర పెన్ను అతని చేతికి వచ్చింది. బయట వాన దంచుతోంది. రాజనర్సయ్య మర్యాదగా అటు తిరిగి, ఏ పనీ లేకపోయినా మిషను తుడవడం మొదలుపెట్టాడు. తారక్ భయంభయంగా మొదలుపెట్టి, తర్వాత తల ఎత్తకుండా రాశాడు. నాలుగున్నర దాటాక పుస్తకం ఆమె ముందుకు జరిపాడు.

"ఒకటి. నువ్వు పుణె వెళ్లాలి. ఇక్కడ ఉద్యోగం వచ్చేదాకా ఆగితే ఏడాది వృథా. నీలా తప్పులు పట్టేవాళ్లు ఆ కంపెనీకి మళ్లీ దొరకరు.

రెండు. ఇల్లు వదిలి ఉండగలనా అని రాశావు. ఖండిస్తున్నాను. నాలాంటివాణ్ణి నాలుగేళ్లు భరించినదానివి, హాస్టలు భోజనం నీకొక లెక్కా?

మూడు. ఇది నీ ఉద్యోగం సంగతి కాదు, నా సంగతి. నువ్వు వెళ్తే నాకు సాయంత్రాలు గడవవు. ఏడుస్తానేమో కూడా. నువ్వంటే నాకు ప్రేమ. దీనికి ఆధారాలు చూపలేను. కానీ కాదన్నవాళ్లను ఎవరినైనా ఖండిస్తాను, మీ నాన్నగారితో సహా."

వనిత రెండుసార్లు చదివింది. చున్నీ కొసతో కళ్లు తుడుచుకుని, పెన్ను అందుకుని, 'బగ్' అన్న మాటను అడ్డంగా కొట్టేసింది.

"పోత," అంది. "ఆరు నెలలల్ల హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అడుగుత."

"అడక్కు. మొదటి ప్రాజెక్టు పూర్తయ్యాకే రావాలి. మధ్యలో వస్తే నీకే చెడ్డపేరు."

"అడుగుత."

"వద్దంటున్నానా!"

"నువ్వెవరు వద్దననీకి?"

"ఇప్పుడే కదా మూడో పాయింటులో రాశాను!"

"జర మెల్లగ," అన్నాడు రాజనర్సయ్య నవ్వుతూ. "గిరాకీ బెదురుతున్నది."

పక్కనే ఉన్న నెట్ సెంటరుకు ఇద్దరూ ఒకే గొడుగులో పరిగెత్తారు. అయిదుకు పది నిమిషాలుందనగా మెయిల్ వెళ్లింది. అప్పుడు తారక్‌కు గుర్తొచ్చింది.

"నాకు పడిన ఆ మూడు ఓట్లు..."

"ఒక్క నెట్ సెంటర్ల ఒక్క ఓటే పడతది," అంది వనిత స్క్రీను వైపే చూస్తూ. "వానల మూడు తిరిగిన."

తారక్ ఇక దణ్ణాలు మానేసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

షాపుకు తిరిగి రాగానే రాజనర్సయ్య వనిత చేతిలోని నీలం పుస్తకం అందుకోబోయాడు. "గా కొత్త పేజీ సుత కలిపి తియ్యాల్నా బిడ్డా?"

"వద్దు! ఇది ఒక్కటే ఉండాలె." వనిత పుస్తకాన్ని గుండెలకు హత్తుకుంది.

"ఖండిస్తున్నాను," అన్నాడు తారక్. "నాకొక కాపీ కావాలి."

"రాసింది నువ్వే గద, మల్ల నీకెందుకు?"

"నాకు కాదు. ఆదివారం బోనాలకు మీ ఇంటికొస్తున్నాను. మీ నాన్నగారికి ఇవ్వాలి."

నాలుగేళ్లలో మొదటిసారి జరఆగు అతన్ని కాదనలేదు. ఎర్రబడ్డ ముఖం పక్కకు తిప్పుకుని, పుస్తకం చివరి పేజీ తెరిచి రాజనర్సయ్య చేతిలో పెట్టింది.