ఏడో కీడు

“తోడు ఎవరు?” అని కాపరి అడిగింది.

రత్నాలు చద్దిడబ్బా మూత మూడోసారి తీసి చూసుకుంటోంది. వేయించిన ఎండుచేపలో ఒక్క ముల్లు మిగిలినా అది ఎవరి గొంతులో అడ్డం పడుతుందో ఎవరు చెప్పగలరు? ముల్లు లేదు. మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఎడమ మణికట్టుకి నాడిపట్టీ బిగించుకుంది.

“మేనత్త. నూకాలు. డెబ్భై ఒకటి.”

“సిఫారసు అయిన తోడు: కూతురు లిఖిత, పదకొండు. కూతురు పక్కన ఉంటే కొలత నికరంగా వస్తుంది.” గోడలోంచీ పట్టీలోంచీ పలికే ఆ కాపలా యంత్రం గొంతు ఎప్పుడూ ఒకే మెత్తదనంతో ఉంటుంది.

“మేనత్త అన్నానా?”

“నమోదు అయింది.”

ఆరేళ్ళుగా, పనికి వెళ్ళే ప్రతి ఉదయం ఇదే ప్రశ్న; తోడు ఎవరైనా సరే, కూతురు మాత్రం కాదన్నదే జవాబు. ఒంటరి మనిషి భయం పలచనగా ఉంటుందని కాపరి మొదటి ఏడాదే తేల్చుకుంది. పక్కన సొంత రక్తం నిలబడితేనే నాడి ఉన్నదున్నట్టు కొట్టుకుంటుందట. అందుకే తోడు లేని కీడెంపరిని, అంటే తీరంలో కీడు ఎంచే మనిషిని, సముద్రానికి అడ్డంగా కట్టిన అలకట్ట దాటనివ్వదు.

లిఖిత పళ్ళు తోముకుంటూనే గుమ్మంలోకి వచ్చింది. మూతి నిండా నురగ.

“అమ్మా, ఉప్పునీళ్ళు కళ్ళల్లో పడితే నిజంగా మండుతాయా?”

“ఎవరు సెప్పారు?”

“నూకాలు మామ్మ.”

“మండవు. కళ్ళే పోతాయి. మెట్ల మీద పరిగెత్తకు. నీళ్ళు మరిగినయ్యే తాగు. గేటు దగ్గిర నిలబడకు.”

“నన్నెప్పుడు తీసుకెళ్తావు?”

“పళ్ళు తోంకో బేగి.”

అలకట్ట అవతల తీరమంతా గళ్ళుగా విడదీసి ఉంది. ఒక్కో గడిలోకి ఒక కీడెంపరి వెళ్ళి నిలబడాలి. నాడి నూట ఇరవై దాటిన ప్రతిసారీ పట్టీ వణుకుతుంది. అప్పుడు తనకి తోచిన కీడు ఏమిటో పైకి పలకాలి. నూరు లెక్కించేలోగా పలకకపోతే కాపరే ‘పేరులేని కీడు’ అని వేసేసుకుంటుంది. ఏడు పడ్డాయంటే ఆ గడికి మూత. మర్నాడు తెల్లారేసరికి ఇసుకపోతలనే యంత్రాలు వచ్చి, గుంట ఉంటే పూడ్చి, దారి ఉంటే కప్పి, మనిషి కాలు పెట్టే వీలు లేకుండా చేసి పోతాయి. ఏడుకి ఒక్కటి తగ్గినా గడి తెరిచే ఉంటుంది.

పదహారేళ్ళలో రత్నాలు నిలబడిన గళ్ళు మూడు వందల నలభై. ఒక్కటీ తెరిచి లేదు.

చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఆమెకు మించిన కీడెంపరి ఈ తీరంలో లేదంటారు. సముద్రానికి ఎవరినీ పోగొట్టుకోనివాళ్ళనే ఈ పనికి తీసుకుంటారు. పోగొట్టుకున్నవాళ్ళ నాడిలో దుఃఖం ఉంటుంది గానీ భయం ఉండదు, దుఃఖంతో కాపరికి పని లేదు. రత్నాలు మనుషుల్లో ఎవరినీ సముద్రం తీసుకోలేదు. అందుకే ఆమెకి అన్నీ భయమే. పనిలో పదేళ్ళు నిండిన కీడెంపరికి, కాపరి దగ్గరున్న కీడుల పట్టికలో కొత్త వరస తెరిచే హక్కు వస్తుంది. రత్నాలు రెండు వందల పద్నాలుగు తెరిచింది. ‘తల తిప్పిన రెప్ప’, ‘పిలిస్తే పలకని దూరం’, ‘నవ్వాగిన నీరు’, ఇవన్నీ పిల్లని పెంచుతూ ఆమెకి తోచిన పేర్లే. ఇప్పుడు తీరమంతా వాటినే వాడుతున్నారు.

ఈవేళ వంతు నలభయ్యొకటో గడిది. పటంలో అది ఉత్త ఇసుక. కానీ కిందటి వారం ఆ ఇసుకలో ఎక్కడో తడి జాడ కనబడిందట.

*

గేటు దగ్గర నూకాలు ముందే వచ్చి నిలబడి ఉంది. తలకి నూనె రాసి నున్నగా దువ్వింది. చీర గోచీ పోసి కట్టింది. చంకలో ఒక సత్తుగిన్నె.

“అదెందుకత్తా?”

“ఆకలేస్తే అడుక్కు తినడానికి. పదే, ఎక్కు!”

ఇసుకబండి గేటు దాటి నలభయ్యొకటో గడి దిబ్బల మీదికి ఎక్కింది. గట్టిగా ఊగినప్పుడల్లా రత్నాలు ముందున్న కమ్మీ పట్టుకుంటోంది, నూకాలు మాత్రం జాతరకెళ్ళే పిల్లలా సీటు అంచున కూర్చుని మెడ సాచి చూస్తోంది.

“ఒలే, అద్దం దించు.”

“గాలి తగుల్తాది. నీకసలే పడిసెం.”

“డెబ్భై ఏళ్ళు తగిలిన గాలే. ఇప్పుడు కొత్తగా ఏటి సేస్తాది?”

అద్దం దిగింది. ఉప్పు వాసన ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చింది. నూకాలు కళ్ళు మూసుకుని దాన్ని గుక్కగుక్కగా పీల్చింది.

“అత్తా, ఒక మాటడుగుతాను. నలభయ్యొకటి అనగానే నువ్వే వస్తానన్నావు. మొన్న ముప్పైతొమ్మిదికి కాలు నొప్పన్నావు. ఏటుందక్కడ?”

నూకాలు కళ్ళు తెరిచింది.

“నాకూ మీ మావకీ తప్ప ఎవలికీ తెలీని నీరుంది. పెళ్ళైన కొత్తలో సూపించాడు. ఆడు జొరమొచ్చి పోయేకా నానొక్కర్తినీ ఎల్లేదాన్ని. కట్ట కట్టేసేరు, దారి పోయింది. ఇరవై మూడేళ్ళు. ఉందో, సచ్చిందో.”

రత్నాలు అత్త వైపు తిరిగింది. “ఉందని తెలిసే నన్ను రానిచ్చావా? నాను నిలబడితే మూతే కదా!”

“నాను రాకపోతే రావడం మానేస్తావేటి? నా ఎనకాల మూసేస్తావు. నా కళ్ళెదర మూయి, సూస్తాను.”

రత్నాలు మళ్ళీ కమ్మీ పట్టుకుంది. మణికట్టు మీద పట్టీ వణికింది.

“కీడు పలకండి,” అంది పట్టీలోంచి కాపరి.

“ఇసుకలో బండి కూరుకుపోవడం,” అంది రత్నాలు అలవాటుగా.

“ఒకటి,” అంది కాపరి. “చోటు పేరు?”

“పేరు సెప్పకూడదు,” నూకాలు పట్టీ వైపు వంగి అరిచింది, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు. “ఏటకెళ్తా పేరు సెప్తే సేపలు ఇనేసి ఎలిపోతాయి. ఇన్ని తెలిసినదానివి, నీకది తెల్దేటి?”

“పేరు చెప్పకూడని చోటు,” అని కాపరి రాసుకుంది.

*

బండి ఆగిపోయిన చోట మొగలిపొదలు గోడలా నిలబడి ఉన్నాయి. నూకాలు వాటి మొదట్లో ఒక చోట వంగి, సత్తుగిన్నె ముందుకి తోసుకుంటూ లోపలికి దూరిపోయింది. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి!

“అత్తా! పాములుంటాయి!”

“ఉంటే తప్పుకుంటాయిలే. నీ గొంతు ఇని!”

రెండు. రత్నాలు కూడా మోకాళ్ళ మీద పాకింది. ముళ్ళు చీర లాగుతున్నాయి. మూడు: కంట్లో ముల్లు. ముందున్న అత్త పాదాలు కనబడటం మానేశాయి. ‘పిలిస్తే పలకని దూరం’, నాలుగు.

పొద అవతల వెలుతురు కళ్ళు చెదిరేలా ఉంది. రత్నాలు నిలబడి చూసింది.

చుట్టూ దిబ్బలు, నడుమ నీరు. అద్దంలా ఉందనడానికి లేదు, లోపలినుంచి ఎవరో దీపం పట్టుకున్నట్టు పచ్చగా వెలుగుతోంది. అవతలి ఇసుకమేట వెనక సముద్రం గర్జిస్తోంది గానీ ఇక్కడికి ఆ చప్పుడు మాత్రమే వస్తోంది, అల రావడం లేదు. ఒక మూల సన్నని పాయ మేటని కోసుకుని సముద్రంలోకి జారుతోంది. ఒడ్డున ఎర్రకాళ్ళ పిట్టలు తల ఎత్తి ఇద్దరినీ చూసి, మళ్ళీ తమ పని చూసుకున్నాయి. మనుషులంటే భయపడాలని వాటికి ఎవరూ నేర్పలేదు.

“ఉన్నాదే!” నూకాలు గిన్నె ఇసుకలో పడేసి రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. “ఓలమ్మో, ఉన్నాదే! ముసిలిదైపోలేదు సూడు, నాలాగ!”

అంటూనే నీళ్ళలోకి నడిచింది.

“అత్తా, ఆగు! లోతు తెలీదు!” ఐదు. “టేకుచేప ముల్లు గుచ్చుకుంటాది, కాలు తీసెయ్యాల!” ఆరు.

“ఆరు,” అంది కాపరి. “ఇంకొకటి పడితే మూత. ఇసుకపోతలకి ముందస్తు కబురు వెళ్ళింది.”

ఉత్తరాన, దిబ్బల మీదుగా, యంత్రాలు మేలుకున్న రొద సన్నగా వినబడింది. నూకాలు కూడా విన్నది. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి వెనక్కి తిరిగింది.

“ఎన్నయ్యాయే?”

“ఆరు.”

“ఏడైతే?”

రత్నాలు రొద వస్తున్న వైపు చూసింది. నూకాలు బతిమాలలేదు. దోసిలితో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కుంది, ఇంట్లో మనిషి చెంప నిమిరినట్టు.

“సర్లే. సూసేను కదా. అదే పదివేలు. ఒకపాలి రాయే నువ్వు కూడా. మూసేసేదాన్ని ముట్టుకునైనా పో.”

“నాను రాను. నువ్వు బయటికి రా.”

“నాను రాను. నువ్వొచ్చి లాక్కెళ్ళు.”

మొండి మనిషి. ఈ వయసులో ఊపిరి ఆగితే? కాలు జారితే? తను ఒక్కతే ఎలా మోసుకెళ్తుంది? రత్నాలు కొంగు నడుముకి దోపుకుని, నాడిపట్టీని గుండెకి అదుముకుని, ఒక కాలు నీళ్ళలో పెట్టింది.

గోరువెచ్చగా ఉంది. అది ఆమె అనుకోలేదు. పదహారేళ్ళుగా మూడు వందల నలభై చోట్లకి వెళ్ళింది గానీ ఏ నీళ్ళలోనూ కాలు పెట్టలేదు. వేళ్ళ సందుల్లోంచి ఇసుక మెత్తగా, చల్లగా జారింది. రెండో కాలు పెట్టింది. పిక్కలు, మోకాళ్ళు. నాలుగు అడుగులు వేసేసరికి నీటి కింద ఒక నీడ పక్కకి తిరిగింది, మబ్బు తిరిగినట్టు.

ఒక్కసారి నీరు పగిలింది. కొయ్యంగ చేపలు! పదులు కాదు, వందలు. వెండి ముక్కల్లా ఎగిరి ఆమె నడుముకి, చేతులకి, ఒకటి ఏకంగా భుజానికి కొట్టుకుని పడుతున్నాయి. రత్నాలు కెవ్వున అరిచింది. ఒక తోక ముఖం మీద నీళ్ళు చరిచింది. కళ్ళు భగ్గున మండాయి. అరుపు ఎక్కడ ఆగి నవ్వు ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదు. నూకాలు దూరంగా చప్పట్లు చరుస్తోంది. “పట్టుకోవే! పట్టుకోవే మొద్దూ! కొంగు పట్టు!” రత్నాలు నిజంగానే కొంగు విప్పి పట్టింది. ఒక చేప అందులో పడి, ఎంత గట్టిగా కొట్టుకుందంటే చేతులు రెండూ ఊగిపోయాయి, మళ్ళీ ఎగిరి పోయింది.

పట్టీ వణికింది. ఇంతవరకూ ఎన్నడూ వణకనంతగా.

“నాడి నూట నలభై. ఏడో కీడు పలకండి. ఒకటి. రెండు. మూడు.”

నవ్వు ఆగిపోయింది. రత్నాలు కీడు కోసం వెతికింది. వెతకడం ఆమెకి కొత్త కాదు, ఎప్పుడూ అడగకముందే నోటి దాకా వచ్చి నిలబడేది. ఈసారి రాలేదు. రెండు వందల పద్నాలుగు వరసలూ మనసులో తిప్పింది. ఏదీ అతకలేదు.

“ముప్పై నాలుగు. ముప్పై అయిదు.”

గుండె అదే, దడ అదే. చిన్నప్పుడు జాతరలో రంగులరాట్నం పైదాకా వెళ్ళి కిందికి దిగేటప్పుడు కడుపులో ఒక జారుడు. దించెయ్యమని ఏడ్చింది. దించాక, మళ్ళీ ఎక్కించమని అంతకంటే ఎక్కువ ఏడ్చింది. ఆ రెండో ఏడుపు ఆమె ఎప్పుడు మర్చిపోయింది?

“అరవై ఒకటి.”

నూకాలు నీళ్ళలో కదలకుండా నిలబడి చూస్తోంది. ఉత్తరాన రొద దగ్గరవుతోంది.

“ఇది కీడు కాదు,” అంది రత్నాలు.

“నాడి నూట నలభై. పేరు పలకండి. డెబ్భై.”

“మేలు.”

లెక్క ఆగింది. “మేలు అనే వరస పట్టికలో లేదు.”

“లేకపోతే తెరువు. నాకు హక్కుంది.”

“ఉంది. అర్థం చెప్పండి.”

రత్నాలు కళ్ళలోని ఉప్పు తుడుచుకుంది. చదువుకున్నవాళ్ళయితే ఎలా చెబుతారో ఆమెకి తెలియదు.

“అచ్చం కీడులాగే కొట్టుకుంటాది. దడ కూడా అదే. కానీ పారిపోవాలనిపించదు. ఇంకొకల్ని పిలవాలనిపిస్తాది.”

కాపరి ఆ మాటలనే ఒకసారి తిరిగి పలికింది.

“వరస తెరిచాను. తీరంలోని కీడెంపరులందరి పట్టికల్లోకి వెళ్ళింది. నలభయ్యొకటో గడి: ఆరు కీడులు, ఒక మేలు. మూత లేదు.” ఉత్తరాన రొద ఒక్కసారిగా ఆగింది. “మీరు మూసిన గళ్ళలో రెండు వేల మూడు వందల ఎనభై సార్లు నాడి దాటింది. వాటిలో కీడు ఎన్ని, మేలు ఎన్ని?”

“నాకు తెల్దు.”

“మీకు తెలియకపోతే నాకు తెలిసే దారి లేదు. మూడు వందల నలభై మూతలూ సందేహంలో పడ్డాయి.”

నూకాలు నీళ్ళు చిమ్ముకుంటూ దగ్గరికొచ్చి, పట్టీ మీద వేలితో టకటక కొట్టింది.

“కీడెంచి మేలెంచమన్నారు పెద్దోళ్ళు. నీకు సగం మాటే ఇనబడ్డాదేటి, పాపం!”

ఇద్దరూ ఒడ్డున కూర్చుని చద్దన్నం తిన్నారు. సత్తుగిన్నె నిండా నీళ్ళు ముంచి నూకాలు పక్కన పెట్టుకుంది. ఇంటికి పట్టుకెళ్ళడానికట. రత్నాలు ఎండుచేప నోట్లో పెట్టుకుంటూ ముల్లు వెతకడం మర్చిపోయింది. ఆ సంగతి గుర్తొచ్చి భయపడింది. భయం ఇంకా తనని వదిలిపోలేదని ఊరట కూడా కలిగింది.

“సందేహం తీరాలంటే ఈ గడికి మళ్ళీ రావాలి,” అంది కాపరి. “రేపు ఉదయం. తోడు ఎవరు?”

నూకాలు నోరు తెరిచి, రత్నాలు ముఖం చూసి, మూసుకుంది.

నీళ్ళు కదిలాయి. ఎర్రకాళ్ళ పిట్ట ఒకటి అడుగు తీసి అడుగు వేసింది. రత్నాలు కళ్ళు ఇంకా మండుతున్నాయి. కళ్ళు పోలేదు. ఆ మాట ఇంటికెళ్ళి ఒప్పుకోవాలి.

“లిఖిత,” అంది. “నా కూతురు.”

పట్టీ వణికింది. నూట యాభై రెండు.

“కీడా, మేలా?”

“రెండూను,” అంది రత్నాలు. “రెండు వరసల్లోనూ రాసుకో.”