దోసతోటలో వంకాయ ఆకు

"ఆగు. ఆ చున్నీ బయట పెట్టి లోపలికి పో."

సొంత పాలీహౌస్ తలుపు దగ్గర తననే ఆపిన మనిషిని ఉమ ఎగాదిగా చూసింది. భుజాన సంచి, చేతిలో భూతద్దం, మొహం నిండా చెమట.

"ఏందీ? మల్లొకసారి అను!"

"తప్పుగ అనుకోకు. పసుపు రంగు జూస్తే తెల్లదోమ అంటుకోని లోపలికొస్తది. గందుకే అన్న."

"గిది మా తోట. నువ్వెవరు చెప్పనీకె?"

"చైతన్య. వనపర్తి నుంచి వచ్చిన. మందు కొట్టకుండ పురుగుతోనే పురుగును తినిపిస్తం. మీ నాయన పిలిపించిండు."

ఉమ చున్నీని బయట కొక్కానికి తగిలించింది. తగిలించినంత సేపూ అతన్ని కళ్లతోనే తిట్టింది.

వనపర్తిలో చిక్కుడు మొక్కల మీద చైతన్య 'మంచి నల్లుల'ను పెంచుతాడు. కంటికి ఆనీ ఆనని ప్రాణులు. వాటిని పొట్టులో కలిపి సీసాలలో తెచ్చి ఆకుల మీద చల్లుతాడు. ఆకుల రసం పీల్చి బూజు అల్లే ఎర్రనల్లిని అవి వెతికి వెతికి తింటాయి. అయితే ఎర్రనల్లి కనబడ్డాకే చల్లాలి. తినడానికేమీ లేని తోటలో వదిలితే ఆకలితో చస్తాయి.

అతను చెప్పినవన్నీ ఉమ తు.చ. తప్పకుండా చేసింది. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేది. చుట్టూ కలుపు లేకుండా పీకేది. తలుపు తీసి వదలేది కాదు. కీరదోస తీగలు అద్దంలా మెరిసేవి.

చిక్కు అక్కడే వచ్చింది. చైతన్య వచ్చి రెండు వరుసలు చూసి, "మస్తుంది" అని వెళ్లిపోయేవాడు. గేటు దగ్గర అతని బండి మాత్రం ఎప్పుడూ మొరాయించేది. 'పాడు బండి' అనుకుంటూ ఉమ తీగల సందుల్లోంచి చూసేది. తోట శుభ్రపడేకొద్దీ అతని రాక తగ్గింది.

ఒకరోజు ఫోనులో ఎవరో అమ్మాయి పెట్టిన స్టేటస్ కనిపించింది. పేరు నిరోష, ఊరు ఆత్మకూరు. క్యాప్సికం తోట. ఒకే భూతద్దం మీద వంగిన రెండు తలలు, కింద 'మా తోట డాక్టర్' అని రాత. ఆ నిరోష మెడలో నిగనిగలాడే పసుపు చున్నీ!

ఉమకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే ఫోన్ కలిపింది.

"ఆత్మకూరుల పసుపు చున్నీకి పర్మిషన్ ఉన్నదా సారూ?"

"ఏ చున్నీ?"

"నీ ముక్కు ముందలే ఉండె గద!"

"నేను ఆకులు జూస్తున్న ఉమా. ఆడ ఎర్రనల్లి ఇడుస్తలేదు. దినాం పోవాల్సొస్తుంది, మస్తు పరేషాన్."

"దినామా!"

"నీకేంది, తోట కడిగిన ముత్యం లెక్కుంది. నీకు నాతోని పనే లేదు."

నవ్వుతూనే అన్నాడు. ఉమకు మాత్రం ఆ మాట గుండెలో గుచ్చుకుంది. చిన్నప్పుడు అమ్మానాన్న కూలికి పుణె బస్సెక్కుతుంటే బిజినేపల్లి స్టాండులో ఏడ్చి ఏడ్చి గొంతు పోయేది. "పని ఏడుంటే మనిషి ఆడుండాలె బిడ్డా" అనేది అమ్మ బాలనాగమ్మ, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ. బస్సు మలుపు తిరిగాక కూడా ఆ చెయ్యి కళ్లముందు ఊగుతూనే ఉండేది. ఈ పాలీహౌస్ కట్టాకే వాళ్లు మళ్లీ బస్సెక్కలేదు.

పని ఉంటేనే మనుషులు ఉంటారు. ఉమకు తెలిసిన లెక్క అదొక్కటే.

మర్నాడు పక్కచేను రేణుకమ్మ వంకాయ తోటలోకి వెళ్లింది. బూజు పట్టి ఎర్రబారిన ఆకులను నాలుగు తెంపి, చున్నీ చెంగులో దాచి తెచ్చి, తమ దోసతీగల నడుమ దోపింది. జర కనిపిస్తే చాలు, వస్తాడు.

జర కనిపించడంతో ఆగితే అది ఎర్రనల్లి ఎందుకవుతుంది? ఎండకు పాలీహౌస్ పొయ్యిలా ఉడికింది. చూస్తుండగానే ఆకులు మచ్చలు పడి, కొసల దాకా బూజు అల్లుకుంది. నాన్న తిరుపతయ్య దిగాలుగా గట్టు మీద కూలబడ్డాడు.

"ఇగ కూలి కోసం పుణె మేస్త్రికి ఫోన్ చెయ్యాలె మల్ల" అన్నాడు.

ఉమ వెంటనే చైతన్యకు ఫోన్ చేసింది.

కబురందిన గంటలోనే చైతన్య వచ్చాడు. వరుసలన్నీ తిరిగి, నడుమ ఆగాడు.

"ఎర్రనల్లి తలుపు కాడ సురువైతది. లేకుంటే ఎండ కొట్టే దిక్కు. గిదేంది, హెలికాప్టర్ల దిగినట్టు నట్టనడుమ దిగింది?"

వంగి, ఎండిపోయిన ఆకును రెండు వేళ్లతో పైకెత్తాడు.

"దోసతోటల వంకాయ ఆకు. నడిసొచ్చిందా ఉమా?"

ఉమ నేల చూసింది. అప్పుడే బాలనాగమ్మ లోపలికి వచ్చింది. "ఏమైంది బిడ్డా? తెలిసిందా ఎట్లొచ్చిందో?"

చైతన్య ఆకును జేబులో పెట్టుకున్నాడు. "గాలికి వచ్చినట్టుందమ్మా."

ఆమె వెళ్లాక గొంతు తగ్గించి అన్నాడు. "మీ అమ్మానాయనను ఈడ ఆపింది ఈ తోటే. యాదికుందా నీకు?"

ఉమ కళ్లు నిండాయి. "ఇప్పుడేం చేద్దాం?"

"సీసాలు అయిపోయినయి. కొత్తయి వచ్చేదాక తీగ బతకదు. నిరోష తోటల మంచి నల్లులు మస్తు పెరిగినయి. ఆడికెల్లి ఆకులు తెచ్చి ఈడ తగిలించాలె. ఆమెను నువ్వే అడుగు."

వేపాకు నమిలినట్టయింది ఉమకు. అయినా చైతన్య వెనక బండెక్కింది. చిత్రం, ఆరోజు బండి ఒక్క కిక్కుకే లేచింది.

ఆత్మకూరులో నిరోష తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నువ్వేనా ఉమ?" అంటూ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ సారు వచ్చినప్పుడల్లా 'ఉమ తోట జూడు, ఒక్క మచ్చ లేదు' అని నా చెవులల్ల ఊదుడే. నిన్ను జూడకముందే నాకు కడుపుమంట!"

ఉమ నోరు తెరిచింది. "నా మీదనా? మరి పసుపు చున్నీ?"

"ఒక్కసారన్న తిడ్తడేమోనని వేసుకున్న. తిట్టుడు దేవుడెరుగు, చూడనే లేదు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. చైతన్య ఏమీ అర్థంకాక భూతద్దం తుడుచుకున్నాడు.

నిరోషే ఆకులు కోసి సంచి నింపింది. ఇస్తూ మెల్లగా అంది. "ఇగ మా తోట సాఫైంది. ఈయన రాడు."

ఆ గొంతులోని దిగులు ఉమకు కొత్తది కాదు. ఆమె చెయ్యి గట్టిగా నొక్కి సంచి అందుకుంది.

దారిలో వాన పట్టుకుంది. సంచి తడిస్తే నల్లులు కొట్టుకుపోతాయి. ఉమ దాన్ని ఒళ్లో పెట్టుకుని చున్నీ కప్పి, తను మాత్రం నిలువునా తడిసింది. అద్దంలో చైతన్య చూపు రోడ్డు మీద కంటే వెనకే ఎక్కువ ఉంది.

"ముందల జూడు సారూ, గుంత!"

ఆకులు తీగలకు తగిలించారు. రోజురోజుకీ బూజు పలచబడింది. కొత్త చిగురు మచ్చ లేకుండా వచ్చింది. పుణె మేస్త్రి ఫోన్ చేస్తే, తిరుపతయ్య "ఈడనే మస్తు పనుంది" అని పెట్టేశాడు. ఇంట్లో అందరూ తేరుకున్నారు, ఉమ తప్ప.

"ఎర్రనల్లి అయిపోయినంక మంచి నల్లులు ఏమైతయి?" అని అడిగింది.

"తిండి లేక సస్తయి. లేకుంటే వెతుక్కుంట పోతయి."

ఉమ అటు తిరిగి జారిన తీగను దారానికి కట్టింది.

మర్నాడే చైతన్య సంచి నిండా ఆముదం పూలగెలలు తెచ్చాడు. వాటిని దులిపి, ఆ పుప్పొడిని ఆకుల మీద చల్లాడు. "గిది తిని కూడ బతుకుతయి. పురుగు ఉన్నా లేకున్నా ఇగ ఈడనే ఉంటయి."

"మరి నువ్వు?"

మాట నోరు జారింది. ఉమ నాలుక కరుచుకుంది. ఇక దాచి లాభం లేదని వంకాయ ఆకుల సంగతి, స్టేటస్ సంగతి మొత్తం చెప్పేసింది. "నాకు నీతోని పని పడాలని తెచ్చిన" అంది చివరికి.

చైతన్య తల పట్టుకున్నాడు. "శుభ్రంగున్న తోటకు నేను ఏం సాకు చెప్పుకోని రావాలె? గేటు కాడ బండి స్టార్ట్ కానట్టు ఎన్నిసార్లు నిలబడ్డ! ఒక్కనాడన్న 'చాయ్ తాగిపో' అన్నవా?"

"అంటే ఆ బండి..."

"బంగారమసొంటి బండి!"

తీగల అవతల దగ్గు వినిపించింది. బాలనాగమ్మ దోసకాయల బుట్టతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఆముదం గింజలు గట్టు పొంటి పెడదాం బిడ్డా, దినాం మోసుకొచ్చుడేంది?" అని, చైతన్య వైపు తిరిగింది. "నువ్వు మీ అమ్మానాయనను ఒకపాలి తోలుకరా. తోట జూస్తరు, పిల్లను జూస్తరు."

చైతన్య నల్లుల కంటే చిన్నగా అయిపోయి, "వస్తనమ్మా" అని గేటు దాకా పరుగులాంటి నడక నడిచాడు. బండెక్కి జేబులు తడుముకున్నాడు. ముందు జేబు, వెనక జేబు, సంచి.

"ఏమైంది సారూ, స్టార్ట్ అయితలేదా?" అంది ఉమ తలుపు దగ్గర నుంచి. "ఉండు, చాయ్ పెడత."

పాలీహౌస్ బయట కొక్కానికి పసుపు చున్నీ ఊగుతోంది. దాని కొసన గట్టిగా ముడేసి ఉంది బండి తాళంచెవి.