నొక్కిన వేలు

చల్లారిపోతున్న ఉప్మాను నర్సింహులు ముట్టనైనా ముట్టలేదు. భార్య సత్తెమ్మకు ఓపిక నశించింది.

"జర తినయ్యా. డాక్టరు దగ్గర నంబర్ రాయించిన. పోదాం."

"డాక్టరేం చేస్తడే? మా అమ్మకు సుత గిట్లనే మొదలైంది. ఆఖరికి నన్నే ఎవలు నువ్వని అడిగింది."

గుమ్మంలో చెప్పులేసుకుంటున్న కూతురు సుష్మిత చేతులు ఆగిపోయాయి.

పంజాగుట్టలోని చిన్న ఆఫీసు నుంచి నర్సింహులు విదేశాలకు పసుపు పంపుతాడు. ఓడలో వెళ్లిన సరుకు ఎవరిదో చెప్పే కాగితాలను కొరియర్లో పంపే పాత పద్ధతిని మాన్పించింది సుష్మితే. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు చేసొచ్చి, "బ్లాక్‌చైన్ల పెడితే అంతా ఫోన్లనే నాయినా. ఒక్కసారి ఎక్కిందంటే ఎవ్వరూ మార్చలేరు," అని వెంటపడి ఒప్పించింది. డబ్బు అందాక ఫోన్లో బటన్ నొక్కితే చాలు, సరుకు కొన్నవాడి సొంతమైపోతుంది.

పోయిన వారం డబ్బు రాకముందే ఆ బటన్ నొక్కి ఉంది. రికార్డులో నర్సింహులు పేరే ఉంది. కొన్నవాడు సరుకు దించుకుని ఫోనెత్తడం మానేశాడు. నొక్కినట్టు గుర్తే లేదని పెద్దాయన బిత్తరపోయాడు.

గుర్తెలా ఉంటుంది పాపం? ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నొక్కింది సుష్మిత. మన ఇళ్లల్లో పెద్దవాళ్ల పిన్‌లూ ఓటీపీలూ పిల్లల చేతుల్లోనే కదా ఉండేది! వేరే సరుకు తాలూకు డబ్బు పడితే, తొందరలో ఈ సరుకు బటన్ నొక్కేసింది. నోరు విప్పేలోపే తండ్రి తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. ఆ పిరికి పిల్ల హమ్మయ్య అనుకుని ఊరుకుంది.

"ఆఫీసు తాళాలు ఇయ్యాల్నే ఓనరుకిచ్చేస్త," అన్నాడు నర్సింహులు. "మతి లేనోనికి యాపారమెందుకు? రేపు నిన్ను సుత మర్చిపోతనేమో బిడ్డా. ముందుగాల్నే చెప్తున్న, మనసుల పెట్టుకోకు."

సుష్మిత వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"నువ్వు నొక్కలే నాయినా. నేనే నొక్కిన. తిడ్తవని భయమై చెప్పలే."

సత్తెమ్మ భగ్గుమంది. "కన్నతండ్రిని పిచ్చోణ్ని చేస్తివి గదనే! మర్చిపోతనేమోనని పొద్దుమాపు మన పేర్లే వల్లె వేసుకుంటుండు. నీకు మనసెట్లొప్పిందే?"

ఈ సంగతి సుష్మితకు తెలియదు. వెక్కివెక్కి ఏడ్చింది. చెంప పగలగొట్టినా బాగుండునని అనిపించింది.

నర్సింహులు కొట్టలేదు. "అంటే... నేను చెయ్యలేదు గన్కనే యాదికి లేదా?"

"అవు నాయినా."

"నా తలకాయ మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది."

నవ్వబోయిన పెద్దాయన భోరుమన్నాడు. కాసేపటికి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"సరుకు పోతే పోనీ. ముందే చెప్తే ఇంత తిట్టి ఊకుందు బిడ్డా. ఇన్ని దినాలు నాకు నేనే పరాయోణ్నై బతికిన."

సుష్మిత తలెత్తలేకపోయింది. ఆయనే ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఊకో ఇగ. ఆ కొన్నోనికి మల్లొక్కసారి కలుపు, ఎత్తితే మాట్లాడుదాం."

సుష్మిత ఆ ఫోన్ అందుకోలేదు.

"నువ్వే కలుపు నాయినా. నేను పక్కన కూసుంట."